మాణెమ్మ పిల్లలు

మాణెమ్మ తుక్కప్ప తాత దగ్గరికి వచ్చింది ఒక్క సంగతి అడగడానికే.

"తాతా, నా ఆశ తెంపు" అంది.

ఆయన ఒక గొర్రెను ఒళ్లో పడేసుకుని గిట్టల సందున ఇరుక్కున్న ముల్లు తీస్తున్నాడు. తల ఎత్తకుండానే "ఏం ఆశ?" అన్నాడు.

జహీరాబాద్‌కు అవతల ఎర్రమట్టి గుట్టల మధ్య ఆయనకు ఒక రేకుల ఇల్లు, నలభై నల్లగొర్రెల మంద, ఒక పాత తంబూర ఉండేవి. కురుమాయన. డెబ్బై ఏళ్లు ఉంటాయి. సోమవారం సాయంత్రాలు తత్వాలు పాడితే చుట్టుపక్కల పది ఊళ్ల వాళ్లు వచ్చి వినేవాళ్లు. అడిగినవాళ్లలో కొందరికి ఉపదేశం ఇచ్చేవాడు. ఆయన ఉపదేశం తీసుకుంటే మనసు కుదుటపడుతుందని మాణెమ్మ ఎవరి నోటో విన్నది.

ఆమె నేల మీద కూర్చుని తన కథ చెప్పింది. చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు.

పద్దెనిమిదేళ్ల కిందట మాణెమ్మకు ఆడపిల్ల పుట్టింది. అప్పటికి ఆమె అక్క తుల్జమ్మకు పెళ్లై తొమ్మిదేళ్లు, కడుపు పండలేదు. బావ రెండో పెళ్లి మాట ఎత్తాడు. అమ్మ వచ్చి మాణెమ్మ చేతులు పట్టుకుంది. "నీది పచ్చి వయసు. ఇంకొకల్లను కంటవు. దీన్ని అక్కకియ్యి, దాని సంసారం నిలవడ్తది" అని ఏడ్చింది. మూడు నెలల పిల్లను మాణెమ్మ అక్క ఒళ్లో పెట్టింది. అక్క సంసారం నిలబడింది. మాణెమ్మకు ఆ తర్వాత పిల్లలు పుట్టలేదు.

మొదట్లో చూసి రావడానికి వెళ్లేది. పిల్లకు అనసూజ అని పేరు పెట్టారు. మాటలొచ్చాక పిల్ల ఆమెను "చిన్నమ్మా" అని పిలిచింది. వెళ్లొచ్చిన ప్రతిసారీ మాణెమ్మ పదిహేను రోజులు మంచం పట్టేది. పిల్లకు ఆరేళ్లు వచ్చాక వెళ్లడం మానేసింది. అక్క ఉన్న సిద్దాపూర్ దారి తొక్కలేదు. ఆ ఊరి వాళ్లు ఎదురైతే పక్క సందులోకి తిరిగిపోయేది. పన్నెండేళ్లు అట్లాగే గడిచాయి. మగడు పోయాడు. మనసు కూడా రాయిలా సద్దుమణిగిందనుకుంది.

మొన్న చైత్రంలో చుట్టాల పెళ్లికి పోయింది. వరసగా కూర్చున్న ఆడవాళ్లకు ఎవరో అమ్మాయి గంధం పూస్తూ వచ్చింది. మాణెమ్మ మెడ కింద రెండు వేళ్లు చల్లగా తగిలాయి. తలెత్తి చూసింది. పోయిన మగని కళ్లు, అవే రెప్పలు. అమ్మాయి నవ్వి పక్కావిడ దగ్గరికి జరిగింది.

"అంతే తాతా. అక్కడనే పడిపోయినంట. మోసుకొచ్చిన్రు. నెల దినాలు ముద్ద దిగలె. పన్నెండేండ్ల సంది సూడకుండ ఉన్న. అయినా గిట్లైంది. దాన్ని వేరుతో సహా పీకెయ్యి. నాకు ఉపదేశమియ్యి."

తుక్కప్ప ముల్లు తీసి పారేశాడు. గొర్రెను వదిలాడు. అది లేచి దులుపుకుని మందలోకి పోయింది.

"ఇస్త బిడ్డా. ఒక ఏడాది మందల తిరుగు. అవ్వకు చెయ్యాసరైతవు" అన్నాడు.

బిడ్డా అన్న మాటకే మాణెమ్మ కళ్లు నిండాయి. లోపలి నుంచి ఆయన పెళ్లాం శరణమ్మ వచ్చి ఏమీ అడగకుండా చేతికి చెంబు ఇచ్చింది.

*

పని కష్టమైనది కాదు. పొద్దున దొడ్డి ఊడ్చాలి. మందతో గుట్టెక్కాలి. కుంట దగ్గర నీళ్లు తాపాలి. పదిహేను రోజులకోసారి గొర్రెల కళ్లు చూడాలి.

కళ్లు చూడడం తుక్కప్ప నేర్పాడు. గొర్రె తలను చంకలో ఇరికించుకుని, బొటనవేలితో కింది రెప్పను మెల్లగా దించాలి. లోపలి తోలు దానిమ్మ గింజలా ఎర్రగా ఉంటే మంచిది. ఉతికిన గుడ్డలా తెల్లబడితే కడుపులో నట్టల పురుగులు రక్తం తాగుతున్నట్టు. తెల్లబడినదాన్ని పక్కకు లాగి, వెదురు గొట్టంతో నట్టల మందు తాపాలి.

మొదటిసారి నలభైలో అయిదింటికే మందు తాపాడు తుక్కప్ప. సీసాలో మందు ఇంకా సగం ఉంది.

"తక్కినయాటికి?" అంది మాణెమ్మ.

"అక్కర్లేదు."

"వాటి కడుపుల నట్టలు లేవా?"

"ఉన్నయి. అన్నిట్ల ఉంటయి. వాటి సంగతి అవి సూస్కుంటున్నయి, సూస్కోనీ."

మాణెమ్మకు అది నచ్చలేదు. ఉన్నాయని తెలిసి ఎట్లా ఊరుకుంటారు?

మందలో నుదుట తెల్లమచ్చ ఉన్న గొర్రె ఒకటుంది. చుక్కది అనేవాళ్లు. శరణమ్మ చెప్పినదాన్ని బట్టి మూడేళ్లుగా దానికి మందే పడలేదు. అదే గడ్డి, అదే కుంట. ఎప్పుడు రెప్ప దించినా ఎర్రగానే ఉండేది. వెన్ను నిండుగా, ఉన్ని ఒత్తుగా, కొమ్ము విసిరితే కుక్క కూడా తప్పుకునేది. మాణెమ్మ ఎక్కువగా దాని వెనకే నడిచేది. తను కూడా అట్లా ఉంటే బాగుండునని అనుకునేది.

రోహిణి కార్తెలో గొర్రెలు ఈనడం మొదలైంది. చుక్కది నాలుగో రోజు మధ్యాహ్నం తుమ్మచెట్టు కింద ఈనింది. ఆడపిల్ల. మాణెమ్మ దగ్గర కూర్చుని చూసింది. చుక్కది పిల్లను తల నుంచి తోక దాకా నాకి ఆరబెట్టింది. పిల్ల మూడుసార్లు పడి, నాలుగోసారి నిలబడి, పొదుగు వెతుక్కుంది. మాణెమ్మ రెండు చేతులూ ఒళ్లో గట్టిగా కలిపి పట్టుకుని కూర్చుంది.

మూడు వారాలు తిరిగేసరికి చుక్కది మందలో వెనకబడటం మొదలుపెట్టింది. ఒక పొద్దున దాని దవడ కింద వాపు నీటి సంచిలా వేలాడింది. మాణెమ్మ రెప్ప దించి చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది. తెల్లగా ఉంది.

"తాతా, చుక్కది!" అని అరిచింది.

తుక్కప్ప వచ్చి చూశాడు. ఆశ్చర్యపోలేదు. గొట్టం తెచ్చి మందు తాపాడు. ఇంట్లోకి పోయి ఉడకబెట్టిన ఉలవలు దోసిలితో తెచ్చి దాని ముందు పెట్టాడు.

"ఇంత గట్టిది, దీనికెట్లైంది తాతా? మూడేండ్లు ఏం కాలేదన్రు గద."

"పాలిస్తున్నది గద బిడ్డా" అన్నాడు. "ఉన్న సత్తువంత పొదుగుకు పాయె. లోపల కావలికి ఎవ్వరు లేకపాయె. అన్ని దినాలు తలొంచుకొని పడున్న నట్టలు ఇప్పుడు లేసినయి."

"అన్నిటికి ఇట్లనే అయితదా?"

"తల్లైనదానికి ఎంతో కొంత అయితది. కడుపు నిండ పెట్టాలె. పిల్ల పాలిడిసినంక మల్ల తేరుకుంటది."

చుక్కది ఉలవలు తింటోంది. పిల్ల వెనక నుంచి వచ్చి పొదుగును తలతో పొడిచి తాగుతోంది. చుక్కదాని వెనక కాళ్లు వణుకుతున్నాయి. అయినా జరగలేదు. మాణెమ్మ దాని మెడ మీద చెయ్యి వేసి ముఖం అటు తిప్పుకుంది.

*

ఆ రోజు నుంచి మాణెమ్మకు ఒకటే భయం పట్టుకుంది. బలహీనపడ్డ తల్లులు వేసే పెంటికల్లోంచే నట్టల గుడ్లు గడ్డిలోకి పోతాయి. పాలు తాగే పిల్లలు ఆ గడ్డే కొరకడం నేర్చుకుంటాయి. తల్లి వెనకే నడుస్తూ తల్లి వదిలినదాన్నే తింటాయి. ఆమెకు నిద్ర పట్టేది కాదు.

చివరికి వచ్చి అడిగింది. "తాతా, నీరసంగున్న తల్లుల పిల్లలు పదకొండున్నయి. వాటిని నాకియ్యి. ఒక్క నట్ట గూడ పోనియ్య."

తుక్కప్ప ఆమె ముఖంలోకి చాలాసేపు చూశాడు. "ఎన్ని దినాలు?"

"ఎన్ని దినాలైతే అన్ని."

ఆయన కొడవలి తీసుకుని పోయి తనే వెదుళ్లు కొట్టుకొచ్చాడు. ఇద్దరూ కలిసి నేలకు మూరెడు ఎత్తున మంచె కట్టారు. చుట్టూ తడక, పైన తాటాకు. పెంటికలు వెదుళ్ల సందుల్లోంచి కిందికి రాలిపోతాయి. పిల్లల నోటికి నేల తగలదు.

పదకొండు పిల్లలు మంచె ఎక్కాయి. చుక్కదాని పిల్ల అందరికంటే ముందు ఎక్కింది.

మాణెమ్మ పొద్దున్నే లేచి తుమ్మకొమ్మలు, అవిశాకు, సుబాబుల్ ఆకు కోసుకొచ్చి ఎత్తున కట్టేది. నేల మీది గడ్డి పరక ఒక్కటి కూడా తెచ్చేది కాదు. రెండు పూటలా తల్లులను తెచ్చి, పొదుగులు ఉప్పునీళ్లతో కడిగి పాలు తాపించేది. తర్వాత తల్లులు మందలోకి పోతుంటే పిల్లలు తడకకు మూతులానించి అరిచేవి. ఆ అరుపులు ఆగేదాకా అక్కడే నిలబడి ఒక్కో పిల్ల చెవులు నిమిరేది.

రెండు నెలల్లో ఆ పిల్లలు నిగనిగలాడాయి. ఉన్ని నల్లటి పట్టులా మెరిసింది. రెప్ప దించితే నెత్తురు చిమ్మేంత ఎరుపు.

మందతో తిరిగే పిల్లల పని వేరుగా ఉంది. ఉన్ని రేగిపోయింది. పొట్టలు ముందుకొచ్చాయి. తోకల కింద పారుడు మరకలు. తుక్కప్ప వాటి కళ్లు చూస్తూ, తెల్లబడినదానికి మందు తాపుతూ, ఎర్రగా ఉన్నదాన్ని వదిలేస్తూ పోయేవాడు. ఆరుద్ర కార్తెలో ఒక పిల్ల చచ్చిపోయింది. మాణెమ్మ తన మంచె వైపు చూసుకుంది.

సోమవారాలు పాట వినడానికి వచ్చినవాళ్లు ముందు మంచె దగ్గర ఆగేవాళ్లు. "ఇవేనా మాణెమ్మ పిల్లలు? దిష్టి తగుల్తది, మసి బొట్టు పెట్టు" అనేవాళ్లు.

మాణెమ్మ పిల్లలు. ఆ మాట విన్నప్పుడల్లా ఆమె లోపల ఏదో మెత్తబడేది. ఆ రెండు నెలలూ సిద్దాపూర్ గుర్తుకు రాలేదని ఆమె తర్వాత శరణమ్మతో చెప్పింది.

*

మఖ కార్తెలో ముసురు పట్టింది. ఆరు రోజులు ఎండ కనబడలేదు. నాలుగో రోజు గాలికి తాటాకు లేచిపోయింది. అయిదో రోజు మంచె ఒక పక్కకు ఒరిగి విరిగింది. కొమ్మ కోయడానికి గుట్ట ఎక్కే దారి లేదు. పిల్లలు తడిసి, ఆకలికి అరుస్తున్నాయి.

ముసురు విడిచిన పొద్దున గుట్ట అంతా మోకాలెత్తు పచ్చగా లేచింది. తల్లులు గుట్ట దారి పట్టాయి. తడక లేదు. పదకొండు పిల్లలూ తల్లుల వెనక పరుగెత్తాయి. మాణెమ్మ అడ్డం తిరిగింది, చేతులు చాచింది, అరిచింది. చుక్కదాని పిల్ల ఆమె చేతి కింద నుంచి దూరిపోయింది. నేల మీది గడ్డిని అవి ఎన్నడూ కడుపారా మేయలేదు. ఆ రోజంతా తల ఎత్తకుండా మేశాయి.

ఇక వాటిని ఆపడం మాణెమ్మ వల్ల కాలేదు. మంచె మళ్లీ కట్టే వెదురు అప్పటికి దొరకలేదు, గాలికి కొమ్మలు విరిగి కోసి పెట్టే ఆకు లేదు. రోజూ మందతోనే పోయాయి. మొదటి వారం బాగానే ఉన్నాయి. రెండో వారం కూడా. మాణెమ్మ ఊపిరి పీల్చుకుంది.

పద్దెనిమిదో రోజు ఒక పిల్ల కుంట దగ్గర పడుకుని లేవలేదు. మాణెమ్మ రెప్ప దించింది. కాగితంలా తెల్లగా ఉంది. సాయంత్రానికి పోయింది.

తెల్లారి రెండు. తుక్కప్ప పశువుల దవాఖాన దాకా నడిచిపోయి మందు తెచ్చాడు. ఇద్దరూ ఒక్కోదాన్ని పట్టుకుని తాపారు. మూడో రోజు చుక్కదాని పిల్ల మాణెమ్మ ఒళ్లోనే కాళ్లు చాపింది. ఆమె దాని మూతి దగ్గర చెయ్యి పెట్టి చూసింది. ఊపిరి లేదు. అయినా పొద్దెక్కేదాకా దించలేదు.

మందతో పెరిగిన పిల్లలు అదే గుట్ట మీద, అదే గడ్డిలో ఒకదాన్నొకటి తరుముకుంటూ ఎగురుతున్నాయి. రేగిన ఉన్ని, ముందుకొచ్చిన పొట్టలు. ఒక్కటి కూడా పడలేదు.

తుక్కప్ప పార తీసుకుని గుంట తవ్వాడు. ఆమెను తవ్వనివ్వలేదు. నాలుగో పిల్లను అందులో పెట్టి మన్ను కప్పాక పార ఆనుకుని నిలబడ్డాడు.

"ఒకటే గడ్డి. నావే ఎందుకు సచ్చినయి తాతా?" అంది మాణెమ్మ.

"మందలయి పుట్టినప్పటి సంది రోజింత తిన్నయి. కొన్ని నట్టలు పోయినయి, కడుపు తిప్పలవడ్డది, నేర్సుకున్నది. వచ్చినదాన్ని ఎట్ల ఆపాల్నో ఎరుకైంది. నీయి ఎన్నడు సూడలె. ఒక్కపారే అంత మీదవడ్డది."

"నీకు ముందుగాల్నే ఎరుకా?"

"ఎరుకే."

"మరి సెప్పలేదేం?"

"సెప్తే ఇందువా?"

మాణెమ్మ గుంట మీది మన్నును చేత్తో సదును చేసింది.

తుక్కప్ప పారకు అంటిన మన్ను కాలితో గీకాడు. "పెద్దవానలకు ముందు మెల్లగ దింపుదామనుకున్న. ముసురు గింత తొందరగ వస్తదనుకోలె. తప్పు నాది గూడ బిడ్డా" అన్నాడు. ఆయన కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

*

ఏడు పిల్లలు మిగిలాయి. మందు పడ్డాక నాలుగైదు రోజులకు కొంచెం కొంచెం నిలబడ్డాయి. మాణెమ్మ వాటిని మళ్లీ గడ్డి మీదికి పంపనని భీష్మించుకుంది. ఇంటి వసారాలో కట్టేసి ఉలవలు, ఆకులు పెట్టింది.

ఒక పొద్దున మంచు ఆరాక తుక్కప్ప వచ్చి తాళ్లు విప్పాడు. ఏడింటినీ ఇంటి వెనక మెరకకు తోలుకుపోయాడు. మాణెమ్మ పరుగున వెంటపడింది. ఆయన ఒక రాయి మీద కూర్చుని చుట్ట ముట్టించాడు. పిల్లలు గడ్డి కొరికాయి. చుట్ట అయిపోగానే లేచి వాటిని మళ్లీ వసారాకు తోలాడు.

"గింతేనా?" అంది మాణెమ్మ.

"ఇయ్యాల గింతే."

"రేపు?"

"జర ఎక్కువ."

"ఎప్పటిదాంక?"

"అవే సెప్తయి."

మర్నాడు ఒకటిన్నర చుట్ట. నాలుగో రోజు రెండు చుట్టలు. పదో రోజు నుంచి మాణెమ్మే తోలుకుపోయింది. ఒకదాని రెప్ప తెల్లబడితే మందు తాపింది. తక్కినవి ఎర్రగా ఉంటే చెయ్యి ఆపుకుంది. ఆ చెయ్యి ఆపుకోవడం ఆమెకు అన్నిటికంటే కష్టమైంది. పిల్లల నిగారింపు పోయింది. పొట్టలు కొంచెం ముందుకొచ్చాయి. కానీ పొద్దున తాడు విప్పగానే దూకుతున్నాయి.

దసరా ముందర ఒక సోమవారం తుక్కప్ప మడత పెట్టిన కొత్త గొంగడి ఆమె చేతిలో పెట్టాడు.

"సిద్దాపూర్‌ల మీ అక్క గొంగడి కావాల్నన్నది. ఇచ్చి రా."

మాణెమ్మ గొంగడిని రొమ్ముకు అదుముకుని నిలబడింది.

"ఎంతసేపుండాలె తాతా?"

"నీళ్లిస్తరు గద. తాగి లేసి రా."

*

సిద్దాపూర్‌లో బస్సు దిగి అక్క ఇంటి ముందు నిలబడేసరికి మాణెమ్మ చీర చెమటకు తడిసింది. తుల్జమ్మ బియ్యం చెరుగుతోంది. చెల్లెల్ని చూసి చాట కింద పెట్టింది. ఆమె ముఖంలో ముందు భయం కనబడింది.

"గొంగడి తెచ్చిన అక్కా. తుక్కప్ప తాత పంపిండు. నువ్వడిగినవట."

"నేనెప్పుడడిగిన?"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. మాణెమ్మ గొంగడిని అరుగు మీద పెట్టింది. "దూప అయితున్నది. నీళ్లియ్యి. తాగి పోత" అంది.

తుల్జమ్మ నీళ్లు తెచ్చింది. లోపల గదిలో ఎవరో వీపు ఇటు పెట్టి చదువుకుంటున్నారు. పొడుగాటి జడ. మాణెమ్మకు కనబడింది అంతే. నీళ్లు తాగింది. చెంబు కింద పెట్టింది. లేచి వచ్చేసింది.

ఆ వారం రెండు రోజులు జ్వరంతో పడుకుంది. శరణమ్మ జావ కాచి పోసింది. మూడో రోజు లేచి పిల్లల్ని మెరకకు తోలింది. పదిహేను రోజులు పడుకోలేదన్న సంగతి ఆమెకు చాలా రోజుల తర్వాత తట్టింది.

రెండు వారాలకు తుక్కప్ప ఇంకో పని చెప్పాడు. శేరు ఉలవలు ఇచ్చి రమ్మన్నాడు. ఆ తర్వాత ఏదో వేరు, ఏదో మూట. కొన్నాళ్లకు ఆయన ఏమీ చెప్పకపోయినా సోమవారం పొద్దున్నే ఆమె ఒక సంచి సర్దుకునేది.

నాలుగోసారి తుల్జమ్మ వాకిట్లోనే ఆపేసింది. "ఏం మాణెమ్మా, ఇన్నేండ్లకు తొవ్వ దొరికిందా? ఎందుకొస్తున్నవు? దాన్ని తోల్కపోతవా?" అంది. వాకిలికి అడ్డంగా చెయ్యి పెట్టింది.

మాణెమ్మ అక్క ముఖం చూసింది. దవడలు లోపలికి పోయాయి. జుట్టు సగం తెల్లబడింది. పద్దెనిమిదేళ్లుగా ఈ ఇంట్లోనూ ఒకామె భయపడుతూ బతికిందని ఆమెకు అప్పటిదాకా తోచలేదు.

"నీ బిడ్డను నేనెందుకు తోల్కపోత అక్కా" అంది. "నీళ్లు తాగి పోత."

తుల్జమ్మ చెయ్యి తీసి పక్కకు జరిగి, "ఎండల ఎందుకు నిలవడ్డవు, లోపల్కి రా" అంది. ఆ రోజు నీళ్లతో పాటు జొన్నరొట్టె కూడా పెట్టింది. అనసూజ పప్పు గిన్నె తెచ్చి పక్కన పెట్టి, "ఇంకొంచెం ఏస్త చిన్నమ్మా" అంది. చిన్నమ్మా అన్న మాట మాణెమ్మ గుండెలో దిగి అక్కడే నిలిచింది. నొప్పి తగ్గలేదు. అయినా చెయ్యి రొట్టె తుంచింది. ముద్ద గొంతు దిగింది.

సంక్రాంతి దాటి, చలి తగ్గి, మోదుగ పూలు విచ్చాయి. ఏడు పిల్లలూ పూర్తిగా మందలో కలిసిపోయాయి. ఏవి మాణెమ్మ పిల్లలో కొత్తవాళ్లకు చూపించాలంటే శరణమ్మ కూడా తడుముకునేది. మాణెమ్మ సోమవారాలు సాయంత్రానికి తిరిగొచ్చి వెనక వరసలో కూర్చుని పాట వినేది. ఉపదేశం సంగతి ఆమె ఎత్తలేదు. ఆయనా ఎత్తలేదు.

*

ఆ మాఘంలో ఒక సోమవారం బస్టాండు దాకా అనసూజ తోడొచ్చింది. తుల్జమ్మే పంపింది. బస్సు రాలేదు. వేపచెట్టు నీడలో సిమెంటు దిమ్మె మీద కూర్చున్నారు.

అనసూజ చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ అడిగింది. "చిన్నమ్మా, నీ ఎడమ చెవికి ఏమైంది?"

మాణెమ్మ చెయ్యి చెవి మీదికి పోయింది. తమ్మె కొద్దిగా చీలి, మాని, గట్టిపడి ఉంది. ఎప్పటి నుంచో అట్లాగే ఉంది. "ఏమో. ఎరుక లేదు బిడ్డా" అంది.

"నేను గుంజిన. గిలక పోగులు పెట్టుకొని వచ్చినవు నువ్వు. నేను నీ ఒళ్లె కూసోని గట్టిగ గుంజిన. నెత్తురొచ్చింది. అమ్మ నన్ను కొట్టింది." అనసూజ రోడ్డు వైపే చూస్తోంది. "తెల్లారి నువ్వు పోయినవు. మల్ల రాలె. చెవి గుంజినందుకే రావట్లేదనుకున్న. శానా ఏండ్లు అట్లనే అనుకున్న."

మాణెమ్మకు చెట్టు, రోడ్డు, ఎదురుగా కిరాణా కొట్టు అన్నీ ఒక్కసారి దూరం జరిగినట్టయింది. పడిపోతానేమో అనుకుంది. దిమ్మెను రెండు చేతులా పట్టుకుంది.

పడలేదు.

ఊపిరి తీసుకుంది. ఇంకోసారి తీసుకుంది. కంటి నీళ్లు కారుతుంటే కారనిచ్చింది.

"నువ్వేం తప్పు చెయ్యలె" అంది. "నాకే శాతగాలె."

అనసూజ తల ఊపింది. ఎందుకని అడగలేదు. ఆమెకు ఎంత తెలుసో, ఎవరు చెప్పారో మాణెమ్మ అడగలేదు. అమ్మాయి కొద్దిగా ఇటు జరిగి చెయ్యి చాపి, ఆ చీలిన తమ్మెను రెండు వేళ్లతో ముట్టుకుంది. "నొస్తదా?"

"నొయ్యదు."

ఎర్రబస్సు దుమ్ము లేపుకుంటూ వచ్చింది. మాణెమ్మ సంచి ఎత్తుకుని మెట్టు ఎక్కింది. కిటికీ దగ్గరికి అనసూజ పరుగెత్తుకొచ్చింది.

"చిన్నమ్మా, వచ్చే సోమారం నాకు పరీక్ష ఉన్నది, ఇంట్ల ఉండ. మంగళారం రా."

"మంగళారం" అంది మాణెమ్మ.

గుట్ట దగ్గర బస్సు దిగేసరికి పొద్దు వాలుతోంది. తుక్కప్ప మందను దొడ్డికి తోలుతున్నాడు. మాణెమ్మ సంచి భుజాన ఉండగానే అటు పోయి, వెనకబడ్డ రెండు గొర్రెల్ని అదిలించింది. ఇద్దరూ దొడ్డి వాకిట్లో చెరో పక్క నిలబడ్డారు. గొర్రెలు వాళ్ల మధ్య నుంచి లోపలికి పోతున్నాయి.

"తాతా" అంది మాణెమ్మ. "వచ్చే వారం నేను సోమారం పోను. మంగళారం పోత. ఆ దినం మందకు నేను రాను."

ఆయన ఆమె వైపు చూశాడు. ఎవరు చెప్పారని అడగలేదు.

"మంచిది బిడ్డా. మందను నేను సూస్కుంట" అన్నాడు.

ఆఖరి గొర్రె లోపలికి పోయింది. తడక వేసి, మాణెమ్మ దాన్ని పట్టుకుని అట్లాగే నిలబడింది. మంగళవారానికి ఇంకా ఎనిమిది రోజులు ఉన్నాయి.